బదిలీ పిల్లలకు ఏది మేలు: ఎన్‌సీసీయా, స్కౌట్సా, అవార్డా?

ఏప్రిల్‌లో కొత్త సెషన్ మొదలైన రెండో వారానికల్లా ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరో ముగ్గురో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడతారు. "మేడమ్, ఎన్‌సీసీలో చేరమంటారా? స్కౌట్స్‌లోనే ఉండమంటారా?" అని అడుగుతారు. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఈ ప్రశ్న విన్నాను. మొదట్లో "నీకేది ఇష్టమైతే అది చెయ్యి" అనేదాన్ని. ఇప్పుడు మాత్రం ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తున్నాను: "మీరు ఈ ఊరొచ్చి ఎన్నాళ్లయింది? ఇంకా ఎన్నాళ్లుంటారు?"

ఈ ప్రశ్న నాకు ఒక అమ్మాయి నేర్పింది. ఐదేళ్ల కిందట ఒక స్కూల్లో నేను తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్‌ని. ఆ అమ్మాయి ఎన్‌సీసీలో రెండో ఏడు. పరేడ్ ఉన్న రోజున బూట్లు అద్దంలా మెరిసేవి. శిబిరానికీ వెళ్లొచ్చింది. ఇక మిగిలింది 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష ఒక్కటే. నవంబరులో వాళ్ల నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. పది రోజుల్లో సామాను లారీ ఎక్కింది. టీసీ మీద సంతకాలు నేనే పెట్టించాను. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చావా, ఫీజు బాకీ ఉందా అని అడిగానుగానీ, "ఎన్‌సీసీ కాగితాలు తీసుకున్నావా?" అని అడగాలని నాకు తట్టలేదు. కొత్త స్కూల్లో ఎన్‌సీసీ లేదు. పాత యూనిట్‌తో ఎవరు మాట్లాడాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. దాదాపు రెండేళ్ల కష్టం అలా మధ్యలోనే ఆగిపోయింది.

అందుకే ఈ వ్యాసం. మీ అమ్మానాన్నల్లో ఒకరు సైన్యంలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో, కేంద్ర పోలీసు బలగాల్లోనో ఉంటే మీకు స్కూలు మారడం కొత్త కాదు. మామూలు పిల్లలు "ఏది గొప్పది?" అని ఆలోచిస్తే సరిపోతుంది. మనం మాత్రం "ఏది పూర్తి చేయగలను? ఏది నాతో తీసుకెళ్లగలను?" అని కూడా ఆలోచించాలి. ముందు మూడింటి సంగతీ తెలుసుకుందాం. ఆ తర్వాత ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ఎన్‌సీసీ

నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసుల మీద దీన్ని ఏర్పాటు చేశారు. రక్షణ మంత్రిత్వ శాఖ కింద నడుస్తుంది. 'ఏకత, క్రమశిక్షణ' దీని నినాదం. ఏటా నవంబరు నాలుగో ఆదివారం ఎన్‌సీసీ దినోత్సవం జరుపుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఒకే డైరెక్టరేట్ ఉంది. దాని కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది.

స్కూలు పిల్లలకు అబ్బాయిలైతే జూనియర్ డివిజన్, అమ్మాయిలైతే జూనియర్ వింగ్. శిక్షణ రెండేళ్లు. సాధారణంగా ఎనిమిదో తరగతిలో చేర్చుకుంటారు, తొమ్మిదితో పూర్తవుతుంది. డ్రిల్లు, ఆయుధ శిక్షణ, పాయింట్ టూ టూ రైఫిల్‌తో కాల్పులు, మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, సమాజ సేవ ఇందులో ఉంటాయి. నేవీ వింగ్ ఉన్నచోట పడవ నడపడం, ఓడల నమూనాలు చేయడం, ఎయిర్ వింగ్ ఉన్నచోట విమానాల నమూనాలు చేసి ఎగరేయడం నేర్పుతారు. ఆదేశాలు ఎక్కడైనా హిందీలోనే ఉంటాయి. కొచ్చిలో 'సావధాన్' అన్నా, జోర్హాట్‌లో 'సావధాన్' అన్నా చెయ్యాల్సింది ఒకటే. భాష మారిన ప్రతిసారీ తికమకపడే మనలాంటివాళ్లకు ఇదొక ఊరట.

'ఎ' సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే రెండేళ్ల క్లాసుల్లో కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఒక శిబిరమైనా చేసి ఉండాలి. కాలేజీలో సీనియర్ డివిజన్‌లో 'బి', 'సి' సర్టిఫికెట్లు ఉంటాయి. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవాళ్లు సైన్యంలోని ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైనవాళ్లు రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళతారు.

కొందరు తల్లిదండ్రులు భయపడతారు: "చేరితే మిలిటరీకి వెళ్లాల్సిందేనా?" అక్కర్లేదు. క్యాడెట్లకు యుద్ధ సేవ చేయాల్సిన బాధ్యత లేదని చట్టంలోనే ఉంది.

బదిలీ పిల్లలకు ఉన్న చిక్కేమిటంటే, ఎన్‌సీసీ అన్ని స్కూళ్లలోనూ ఉండదు. ఉన్నచోట కూడా సీట్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. మధ్యలో వెళ్లినవాళ్లకు ఖాళీ ఉంటేనే చోటు దొరుకుతుంది.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్

1907లో బేడెన్ పవెల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఇరవై మంది కుర్రాళ్లను బ్రౌన్‌సీ అనే చిన్న దీవికి తీసుకెళ్లి శిబిరం నడిపాడు. స్కౌటింగ్‌కి అదే తొలి అడుగు. రెండేళ్లకే అది బెంగళూరు చేరింది. కానీ మొదట్లో మన పిల్లలకు అందులో చోటు లేదు. అనీబిసెంట్ లాంటివారు మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరే సంఘమే పెట్టాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, విడివిడిగా ఉన్న సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది గర్ల్ గైడ్స్ కూడా కలిశారు.

పదేళ్లు నిండినవాళ్లు అబ్బాయిలైతే స్కౌట్లు, అమ్మాయిలైతే గైడ్లు. అంతకన్నా చిన్నవాళ్లు కబ్‌లు, బుల్‌బుల్‌లు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిస్తే ఒక పెట్రోల్. నాయకుడు కూడా మీ ఈడువాడే. ముడులు వేయడం, దిక్సూచి చూడటం, చెట్టు ఎక్కకుండానే దాని ఎత్తు అంచనా కట్టడం, గాయానికి కట్టు కట్టడం, పాత్రలు లేకుండా వంట చేయడం, ఊరికి ఉపయోగపడే పని చేయడం ఇక్కడ నేర్చుకుంటారు.

ఇందులో మెట్లుంటాయి. ముందు ప్రవేశ్, తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. ఆ పైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కార్. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య కొన్ని నెలల వ్యవధి తప్పనిసరి. అందుకే ఇది ఒక ఏడాదిలో అయ్యే పని కాదు. ఆరో తరగతిలో మొదలుపెట్టినవాళ్లకు పై మెట్టు అందుకునే సమయం ఉంటుంది. తొమ్మిదిలో మొదలుపెట్టినవాళ్లకు కష్టం.

బదిలీ పిల్లలకు ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. ప్రతి మెట్టూ దానికదే పూర్తయినట్టు లెక్క. ద్వితీయ సోపాన్ పాసై ఊరు మారితే కొత్త స్కూల్లో తృతీయ సోపాన్ నుంచి సాగవచ్చు. పైగా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కేంద్రీయ విద్యాలయ సంగఠన్‌ని ఒక రాష్ట్రంతో సమానంగా గుర్తించారు. కేంద్రీయ విద్యాలయంలో చదివే పిల్లవాడు విశాఖపట్నం నుంచి భటిండా వెళ్లి అక్కడా కేంద్రీయ విద్యాలయంలోనే చేరితే, భూపటం మీద రాష్ట్రాలు ఎన్ని దాటినా స్కౌటింగ్ లెక్కలో రాష్ట్రం మారనట్టే. రైల్వేలకూ ఇలాగే సొంత స్కౌటు శాఖలున్నాయి.

అవార్డు

మూడోది చాలామందికి తెలియదు. 1956లో బ్రిటన్‌లో ప్రిన్స్ ఫిలిప్ ఒక పథకం మొదలుపెట్టారు. ఆయన బిరుదు మీదుగా దాన్ని డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అన్నారు. దాని వెనకున్న ఆలోచన ఆయనకు చదువు చెప్పిన కర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్తది. మన దేశానికి 1962లో వచ్చింది. ఇక్కడ 'ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్' అంటారు. నూటముప్పైకి పైగా దేశాల్లో నడుస్తోంది.

ఇందులో కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు స్థాయులు. 14, 15, 16 ఏళ్లు వాటి కనీస వయసులు. 25వ పుట్టినరోజు లోపల పూర్తి చేయాలి. ప్రతి స్థాయిలోనూ నాలుగు విభాగాలు: సేవ, నైపుణ్యం, శారీరక వ్యాయామం, సాహస యాత్ర. మొదటి మూడింటికీ వారానికి సగటున గంట చొప్పున కేటాయించాలి. కాంస్యానికి ఒక్కో విభాగంలో మూడు నెలలు, మీకు నచ్చిన ఒకదానిలో ఇంకో మూడు నెలలు, అంటే మొత్తం కనీసం ఆరు నెలలు పడుతుంది. సాహస యాత్ర రెండు పగళ్లు, ఒక రాత్రి. స్వర్ణానికి కనీసం ఏడాది. కింది స్థాయి చేయకుండా నేరుగా స్వర్ణానికి వస్తే ఏడాదిన్నర. దానికి అదనంగా, ముందు పరిచయం లేనివాళ్లతో కలిసి ఐదు రోజులు ఒకచోట ఉండి పనిచేయాలి. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య నెగ్గుకురావడం మీకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదనుకోండి!

ఇందులో ఎవరితోనూ పోటీ లేదు. మీరు ఇప్పటికే ఆడుతున్న బ్యాడ్మింటన్ వ్యాయామం కిందికి వస్తుంది, నేర్చుకుంటున్న వీణ నైపుణ్యం కిందికి వస్తుంది. చేసినదంతా ఆన్‌లైన్ రికార్డులో రాసుకుంటారు. అది మీ పేరు మీద ఉంటుంది కాబట్టి మీతోపాటే వస్తుంది.

మరి లోపమేమిటి? గుర్తింపు పొందిన కేంద్రం ద్వారానే చేరాలి. అది అన్ని ఊళ్లలోనూ ఉండదు. నమోదుకు రుసుము కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, "ఈవారం చేశావా?" అని వెంటపడేవాళ్లు ఉండరు. మన పని మనమే గుర్తుపెట్టుకుని చేసుకోవాలి. ఇంకొకరు ఈల వేస్తే తప్ప లేవని పిల్లలకు ఇది కొరుకుడుపడదు.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఎంపిక. కాగితం తీసుకుని ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి: ఈ ఊళ్లో మనకు ఇంకా ఎన్ని నెలలు? బదిలీ ఎప్పుడొస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ నాన్నకో అమ్మకో ఒక అంచనా ఉంటుంది. భోజనాల దగ్గర అడగండి. రెండేళ్లకు పైగా ఉంటామంటే ఎన్‌సీసీ నిశ్చింతగా తీసుకోవచ్చు. ఏడాది లోపే అంటే స్కౌట్స్‌లో ఒక మెట్టు, లేదా కేంద్రం అందుబాటులో ఉండి పద్నాలుగేళ్లు నిండితే కాంస్య అవార్డు, పూర్తి చేయడానికి వీలవుతుంది. బదిలీ ఖాయమే, ఊరు కూడా తెలుసు అంటే, అక్కడి స్కూలుకు ఒక్క ఫోను చేయించి ఎన్‌సీసీ ఉందో లేదో కనుక్కోండి.

రెండు: ఇప్పుడు ఏ తరగతి? ఆరు, ఏడు అయితే స్కౌట్స్‌కి మంచి సమయం. ఎనిమిది అయితే ఎన్‌సీసీ తలుపు తెరిచి ఉన్నట్టు. తొమ్మిదిలో కొత్తగా చేరాలనుకుంటే, రెండేళ్ల శిక్షణ పదో తరగతి బోర్డు పరీక్షల మీద పడుతుందని లెక్కలో పెట్టుకోండి. పదకొండులో ఉన్నవాళ్లు, స్కూల్లో ఉంటే, జాతీయ సేవా పథకం కూడా చూడవచ్చు. గాంధీగారి శతజయంతి సంవత్సరం 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ అదే.

మూడు: నాకు ఏది బాగుంటుంది? ఇది చివర అడుగుతున్నానని తేలిగ్గా తీసుకోకండి. వందమందితో కలిసి ఒకే అడుగు వేసినప్పుడు ఒళ్లు పులకరించేవాళ్లున్నారు. వాళ్లది ఎన్‌సీసీ. ఆరుగురు స్నేహితులతో కట్టెలు ఏరుకొచ్చి పొయ్యి రాజేసినప్పుడు సంతోషపడేవాళ్లున్నారు. వాళ్లది స్కౌట్స్. ఒంటరిగా కూర్చుని తన లెక్క తాను చూసుకోవడం ఇష్టమైనవాళ్లున్నారు. వాళ్లది అవార్డు. మైదానంలో అరుపులంటే హడలిపోయే పిల్లవాణ్ణి "కోటా వస్తుంది" అని ఎన్‌సీసీలో వేస్తే రెండేళ్లూ నలిగిపోతాడు.

కోటా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశాల్లో ఎన్‌సీసీ వాళ్లకు కొన్ని సీట్లు కేటాయిస్తారు. కానీ అక్కడ స్థానికత నియమాలు కూడా ఉంటాయి. బయటి రాష్ట్రాల్లో చదివిన మనవాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకున్నాకే ఆశ పెట్టుకోవాలి. సీటు కోసమే చేరడం కన్నా, సీటు రాకపోయినా చేసినందుకు బాధపడననుకున్నదాంట్లో చేరడం మంచిది.

"రెండూ చేస్తాను మేడమ్" అనేవాళ్లు కూడా ఉంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు. రెండు యూనిఫాములు కొన్నవాళ్లను చూశాను. శనివారం ఒకే సమయానికి పరేడూ, స్కౌటు మీటింగూ పడితే రెండింటికీ హాజరు తగ్గి, చివరకు ఏదీ దక్కలేదు.

వెళ్లేముందు ఏం చేయాలి?

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. బదిలీ ఆర్డరు ఇంటికి వచ్చిన రోజునే ఈ పనులు మొదలుపెట్టండి.

ఎన్‌సీసీలో ఉంటే, మీ స్కూల్లో ఎన్‌సీసీ చూసే ఉపాధ్యాయుణ్ణి కలవండి. మీ క్యాడెట్ నంబరు, హాజరు వివరాలు, శిబిరం సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త ఊళ్లో కొనసాగడానికి ఏం కావాలో, పరీక్ష దగ్గరలో ఉంటే అది రాయడానికి వీలుంటుందా అన్నది యూనిట్‌నే అడిగి చెప్పమనండి. విరామం ఎక్కువైతే ఇబ్బంది కాబట్టి కొత్త ఊరు చేరిన మొదటి వారంలోనే అక్కడ అడగాలి. ఇచ్చిన యూనిఫాము తిరిగిచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి.

స్కౌట్స్‌లో ఉంటే, మీ లాగ్ బుక్కులో పాసైన ప్రతి పరీక్షకూ తేదీ, సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. సోపాన్ సర్టిఫికెట్లు, నైపుణ్య బ్యాడ్జీల కాగితాలు ఒకే ఫైల్లో పెట్టండి. స్కౌట్ మాస్టరు లేదా గైడ్ కెప్టెన్ చేత మీరు ఏ మెట్టు దాకా వచ్చారో ఒక ఉత్తరం రాయించుకోండి.

అవార్డులో ఉంటే, జరిగినంతవరకూ ఆన్‌లైన్‌లో ఎక్కించి, మీ పర్యవేక్షకుల ఆమోదం తీసుకోండి. ఇంకో కేంద్రానికి మారే పద్ధతి అడిగి తెలుసుకోండి.

ఎవరైనా సరే, కాగితాలన్నిటినీ ఫొటో తీసి అమ్మ ఫోన్లో ఒకటి, నాన్న ఫోన్లో ఒకటి ఉంచండి. అసలు కాగితాలను లారీలో వేయొద్దు. టీసీ, రిపోర్టు కార్డులతోపాటు చేతిసంచిలో పెట్టుకోండి.

మొదట చెప్పిన అమ్మాయి మొన్నామధ్య ఫోన్ చేసింది. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీలో ఎన్‌సీసీలో చేరిందట. సీనియర్ వింగ్‌లో చేరడానికి 'ఎ' సర్టిఫికెట్ ఉండి తీరాలని ఏమీ లేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. "మొదటి రోజు 'దాహినే ముడ్' అనగానే నా కాలు దానంతటదే తిరిగింది మేడమ్. పక్కవాళ్లంతా ఎడమకు తిరిగారు" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ టీసీ మీద పెట్టించిన సంతకాలే గుర్తొచ్చాయి.

నేర్చుకున్నది ఊరు మారినా పోదు. ఆ అమ్మాయి కాలు మర్చిపోలేదు కదా! కానీ కాగితం పోతుంది. అందుకని, ఇప్పుడు టీసీ కోసం నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ లైబ్రరీ పుస్తకాల గురించి అడిగే ముందే ఇంకో మాట అడుగుతున్నాను: "నువ్వు ఎన్‌సీసీయా, స్కౌట్సా? నీ కాగితాలు ఏవి?" నేనో, మీ టీచరో అడగడం మర్చిపోతే, మీరే గుర్తుచేయండి.